పొద్దున పద్దెనిమిది, పగలు పదహారు

మిర్యాలగూడ,
డిసెంబర్ 1, ఆదివారం

చంద్రు మామకు,

వందన రాస్తున్నాను. ఈ పెట్టెలో ఉన్నది వడ్లలో తేమ చూసే మీటర్. హుజూర్‌నగర్ మీదుగా వచ్చే కోదాడ బస్సు కార్గోలో వేస్తున్నాను. ఫోన్ చేస్తే నువ్వు వింటావు గానీ, గొంతు ఆపరేషన్ అయినప్పటి నుంచి జవాబు చెప్పలేవు. వాట్సాప్‌లో రాయమంటే ఏది అడిగినా బొటనవేలు బొమ్మ పంపిస్తావు. అందుకే కాయితం.

అమ్మ చెప్పే ఉంటుంది. ఈసీఈలో బీటెక్ చేసిన నేను పాలకీడు దగ్గర ఒక ఊళ్లో వడ్ల కొనుగోలు కేంద్రంలో ట్యాబ్‌లో రైతుల పేర్లు కొడుతున్నాను. సీజన్ అయ్యేదాకే ఈ పని. మిర్యాలగూడలో కిరాయి గది, పొద్దున ఐదున్నర బస్సు. కేంద్రాన్ని మహిళా సంఘం నడుపుతుంది. ఇన్‌ఛార్జి శోభారాణి అక్క. మనిషి మంచిది, కాకపోతే ఏది చెప్పినా కోపంగా చెబుతుంది.

సంగతి ఇది. తేమ పదిహేడు శాతం దాటితే వడ్లు తీసుకోరు. యాకోబు అనే కౌలురైతు, ఆయన భార్య సువార్తమ్మ వడ్ల కుప్ప దగ్గరే పడుకుని పొద్దున ఏడింటికి అందరికంటే ముందు వరుసలో ఉంటారు. నాలుగు రోజులుగా వాళ్ల వడ్లు పద్దెనిమిదిన్నర చూపిస్తున్నాయి. ఒకసారి ఫెయిలైతే మళ్లీ మర్నాడే చూస్తారు. ట్రాక్టర్లున్న వాళ్లు తిని, తాపీగా మధ్యాహ్నం వస్తారు. వాళ్లవి పదహారు, పదహారున్నర. పాస్. ముందు నిలబడితే పని అవుతుందని యాకోబు వాళ్ల నమ్మకం. ముందు నిలబడటమే వాళ్లను ముంచుతోందని నా అనుమానం.

నిన్న సువార్తమ్మ అడిగేసింది. "పొద్దుగాల వచ్చినోళ్లయి పచ్చి, బువ్వ తిని వచ్చినోళ్లయి ఎండినయా? గీ మిషన్‌కు మనుషుల మొఖాలు గిట్ల తెలుస్తయా అక్కా?"

"మంచు వడ్తున్నది సువార్తమ్మా, నన్నేం జెయ్యమంటవ్?" అంది శోభారాణి అక్క.

"మంచు మా కుప్ప మీదనే వడ్తదా?"

సగం ఊరు మంచు అంటోంది. సగం ఊరు శోభారాణి అక్క కావాలనే యాకోబు వాళ్ల వాడవాళ్లను తిప్పుతోందంటోంది. నాకు రెండూ నమ్మబుద్ధి కాలేదు. మొన్న మధ్యాహ్నం పదహారున్నర వచ్చిన వడ్లు రెండు గుప్పెళ్లు స్టీలు టిఫిన్ డబ్బాలో పోసి, మూత బిగించి పెట్టాను. మర్నాడు ఏడింటికి తీసి చూస్తే పద్దెనిమిదిన్నర. పన్నెండింటికి అవే గింజలు పదహారున్నర. మంచు టిఫిన్ డబ్బాలోకి ఎట్లా దూరుతుంది మామా?

గోనె సంచులు రాలేదని రెండు రోజులు కొనుగోళ్లు ఆపారు. ఆ సందులోనే మీటర్ నీకు పంపుతున్నాను. కంపెనీకి రాస్తే సీజన్ అయ్యాక వస్తారట. బుధవారం కల్లా కావాలి.

నీ
వందన

కోదాడ,
డిసెంబర్ 3

వందనమ్మా,

మీటర్ అందింది. విప్పి చూశా. పెద్ద జబ్బేం లేదు. బ్యాటరీ తీగ దగ్గర ఒక అతుకు సరిగ్గా లేదు, మళ్లీ అతికించా. ఎదురింటి వాళ్ల దగ్గర గుప్పెడు వడ్లు అడిగి తెచ్చి, నా బల్ల మీద ఆరుసార్లు చూశా. ఆరుసార్లూ ఒకటే లెక్క వచ్చింది. మధ్యాహ్నం మా రేకుల కింద ఎంత వేడో నీకు తెలుసు కదా.

డబ్బా అన్నావు. స్టీలు డబ్బా చల్లబడితే లోపల చెమ్మ పట్టదా? చదువుకున్నదానివి, ఆలోచించు. పైన చీటీ అంటించా, చూసుకో.

ఇంతకీ ఈ మీటర్ మీ సెంటర్లో ఎప్పటి నుంచి ఉంది? మొదటి నుంచీ అక్కడిదేనా, వేరే చోట నుంచి వచ్చిందా? తెలిస్తే రాయి. తెలియకపోతే ఎవరినీ అడగక్కర్లేదు.

చలిలో ఆ బస్సు కిటికీ పక్కన కూర్చోకు.

మామ

మిర్యాలగూడ,
డిసెంబర్ 8, ఆదివారం

మామా,

నీ చీటీ కొంప ముంచింది.

బుధవారం పార్సిల్ నాకంటే ముందే కేంద్రానికి చేరింది. నేరేడుచర్లలో దింపితే మా ఊరి ఆటో అతను పొద్దున్నే తెచ్చి ఇచ్చాడు. ఆ రోజు బస్సు ఆలస్యమై నేను వెళ్లేసరికి ఎనిమిది. అక్కడ పెళ్లిలా ఉంది. సంచులు నింపుతున్నారు, కుడుతున్నారు, యాకోబు మొదటిసారి నన్ను చూసి నవ్వాడు.

ఏమైందంటే, మీటర్ నెత్తిన నీ చీటీ ఉంది కదా: "డ్రై ఉంది. చూశాను." శోభారాణి అక్క దాన్ని పదిమందిలో చదివిందట. "కోదాడ మెకానిక్ చూసి రాసిండు, డ్రై ఉన్నదట. వడ్లు ఎండినయే, మిషనే తప్పు సూపెడ్తుండె" అని, మీటర్ పద్దెనిమిది చూపిస్తున్నా పట్టించుకోకుండా అందరివీ పాస్ చేసేసింది. ఎన్నాళ్లుగానో పడుతున్న నింద ఆ ఒక్క ముక్కతో పోతుందనుకుంది పాపం.

డ్రై అంటే మీ మెకానిక్‌ల మాటల్లో సోల్డర్ సీసం సరిగ్గా పట్టని అతుకు అని నాకు గుర్తొచ్చేసరికి లారీ రోడ్డెక్కింది. చిన్నప్పుడు నీ షాపులో విన్న మాట అది. కాలేజీలో నాలుగేళ్లలో ఎవరూ నా చేతికి సోల్డరింగ్ ఐరన్ ఇవ్వలేదు.

ఆ రోజు పాసైన వాటిలో రెండు కుప్పలు నిజంగానే పచ్చివి. మిర్యాలగూడ మిల్లు వాళ్లు వాళ్ల మీటర్‌తో చూసి లారీ మొత్తం వెనక్కి పంపారు. గురువారం సంచులన్నీ మళ్లీ కేంద్రం ముందు దించారు, యాకోబువి కూడా. ఇప్పుడు శోభారాణి అక్క మీద రెండు ఫిర్యాదులున్నాయి. ఒకటి, ఎండినవి కావాలని ఆపిందని. రెండోది, పచ్చివి కావాలని పంపిందని. పందొమ్మిదో తారీకు సూర్యాపేటలో విచారణ. ఆమెను తీసేస్తారని అందరూ అంటున్నారు. శుక్రవారం నుంచి ఆమె పదిహేడుకు ఒక్క చుక్క దాటినా ఒప్పుకోవడం లేదు. నిన్న యాకోబు విసిగిపోయి వడ్లన్నీ వ్యాపారికి అమ్ముకున్నాడు. సంచుల మూతులు విప్పుతూ సువార్తమ్మ ఎవరి వైపూ చూడలేదు.

నాకు బుర్ర పని చేయడం లేదు. గురువారం సాయంత్రం మీటర్‌ను గదికి తెచ్చుకున్నాను. ఇంటి ఓనరు వెంకటనర్సమ్మ గారి ఫ్రిజ్‌లో పెట్టాను. "పెరుగు పక్కన గదేంది బిడ్డా, వాసన రాదా?" అని ఆమె రెండుసార్లు తీసి చూసింది. అరగంటకి బయటికి తీసి, నా జేబులో వెచ్చగా ఉన్న గింజలు పోశాను. పద్దెనిమిదిన్నర! మీటర్‌ను దుప్పట్లో చుట్టి వేడెక్కించి, అవే గింజలు పోస్తే పదహారున్నర. చలి గింజలది కాదు మామా, మీటర్‌ది. డబ్బాలో చెమ్మ కాదు.

లోపల ఏ ముక్క చలికి మాట మారుస్తోందో నువ్వే చెప్పు. నీకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

వందన

కోదాడ,
డిసెంబర్ 10

వందనా,

డ్రై అని రాస్తే వడ్లని చదువుతారని నాకు కలలో కూడా తోచలేదు. నలభై ఏళ్లుగా సెట్ల మీద ఇదే రాస్తున్నా. టీవీ మీద డ్రై అని రాస్తే ఎవరన్నా ఆరేస్తారా? శోభారాణి గారికి నా తరఫున క్షమాపణ చెప్పు.

చలికి ఎలక్ట్రానిక్ వస్తువులు కాస్త అటూ ఇటూ చూపించడం మామూలే. పొద్దున మీటర్‌ను శాలువాలో చుట్టి, పావుగంట ఒళ్లో పెట్టుకుని తర్వాత వాడండి. సరిపోతుంది. లోపల ఏ ముక్కనీ కెలకొద్దు. బోర్డు పాడైతే నీ మీదకి వస్తుంది. సీజన్ అయ్యాక కంపెనీ వాళ్లే చూసుకుంటారు.

సూర్యాపేట విచారణకి నువ్వు ఎందుకు? నువ్వు పేర్లు కొట్టే పిల్లవి. అడిగితే తెలియదని చెప్పు. పెద్దవాళ్ల మధ్యలో దూరకు.

మామ

మిర్యాలగూడ,
డిసెంబర్ 12

మామా,

శాలువా పనిచేసింది. ఈ రెండు రోజులు పొద్దున ఏడింటికి కూడా పదహారున్నరే వచ్చింది. శోభారాణి అక్క చంటిపిల్లను ఎత్తుకున్నట్టు మీటర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటోంది. జనం నవ్వుతున్నారు. "గిన్ని దినాలు ఎందుకు సుట్టలేదక్కా?" అని ఒకాయన అడిగాడు. ఇవాళ సరిగ్గా చూపిస్తుంటే నిన్నటిదంతా ఆమె తప్పే అయిపోతోంది. ఇది ఎట్లా తిరుగుతోందో చూడు.

నీకు రాయని ముక్క ఒకటుంది.

ఆ గురువారం ఫ్రిజ్‌లోంచి తీశాక మూత విప్పాను. వెంకటనర్సమ్మ గారి కోడలి హెయిర్ డ్రయర్ అడిగి, కాయితాన్ని గొట్టంలా చుట్టి, ఒక్కో ముక్కకు విడివిడిగా వేడి తగిలించాను. అంతటా తగిలించినా లెక్క కదలలేదు. మిరియపు గింజంత నల్లటి ముక్క ఒకటి ఉంది, మీటర్‌కు ఎంత చలో ఎంత వేడో చెప్పే సెన్సార్. దానికి తగలగానే పద్దెనిమిదిన్నర నుంచి పదహారున్నరకు దిగింది. ఊది చల్లార్చితే మళ్లీ ఎక్కింది.

ఆ ముక్క కంపెనీది కాదు. ఎవరో మార్చారు. సోల్డర్ మెరుపు వేరుగా ఉంది. కాళ్లు రెండూ ఎడమకు వంచి, ఆ తర్వాత అతికించారు. ఎడమకు వంచితే మళ్లీ తీసేటప్పుడు సులువని నాకు పదేళ్లప్పుడు ఒకాయన నేర్పాడు. ఇంకెవరూ అట్లా వంచగా నేను చూడలేదు.

ఈ మీటర్ మొదటి నుంచీ మా కేంద్రానిది కాదు. అడగొద్దన్నావు గానీ అడిగాను. పోయిన ఎండాకాలం, యాసంగి పంటకు, మునగాల వైపు ఉండేదట, ఈ సీజన్‌కు ఇటు మార్చారు.

నువ్వే చెబుతావని ఆగాను. ఆదివారం నీకు రాసేటప్పుడు కూడా ఆ ఒక్క ముక్క వదిలేసి రాశాను. నువ్వేమో శాలువా చుట్టమన్నావు.

నేను ఎవరికీ చెప్పలేదు మామా. చెప్పాలో వద్దో తెలియడం లేదు. చెబితే నీ పేరు. చెప్పకపోతే శోభారాణి అక్క పేరు. నిన్న ఆమె నా ముందు ఏడవలేదు, పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. "మొగోళ్లు నడిపే కేంద్రాల్ల ఎన్ని తప్పులైనా మిషన్ తప్పంటరు. నా దగ్గరికొస్తే నా తప్పంటున్నరు" అంది. నాకు ఆ మాటే తిరుగుతోంది.

వచ్చే గురువారం పదింటికి విచారణ. నేను వెళ్తున్నాను.

వందన

కోదాడ,
డిసెంబర్ 15

వందనా,

నీ ఉత్తరం రెండు రోజులు టేబుల్ సొరుగులో పెట్టుకున్నా. మీ అత్త చదివితే అని భయం కాదు. నేనే ఇంకోసారి చదవలేకపోయా.

మొదటిసారి మూత తీయగానే తెలిసింది. మన చేతి పని మనకు తెలియదా?

పోయిన ఏప్రిల్‌లో వచ్చింది ఆ మీటర్. లోపల సెన్సార్ చచ్చిపోయింది. అలాంటిది కోదాడలో దొరకలేదు. హైదరాబాద్ నుంచి రావాలంటే నాలుగైదు రోజులు. అక్కడ కుప్పలు ఆగిపోయి ఉన్నాయి, తెచ్చినవాళ్లు నా గుమ్మంలోనే కూర్చున్నారు. నా దగ్గర పాత ఫ్రిజ్ బోర్డుల నుంచి తీసినవి ఉన్నాయి. మల్టీమీటర్ పెట్టి కొలిస్తే అసలుదానికి ఉండాల్సిన విలువే చూపించింది. పెట్టేశా.

ఇప్పుడు కూర్చుని చూస్తే తెలుస్తోంది. రెండూ మామూలు వేడిలో ఒకే మాట చెబుతాయి. చలి పడితే మాత్రం నేను పెట్టింది ఉన్నదానికంటే ఎక్కువ చలి అని చెబుతుంది. ఆ చలికి సరిచేద్దామని మీటర్ తేమ లెక్కను పైకి జరుపుతుంది. ఎండ మండితే అదే ముక్క తిరగబడి తేమ తగ్గించి చూపిస్తుంది. ఏప్రిల్‌లో అదే జరిగి ఉంటుంది. అందరివీ పాసైతే మీటర్ బాగాలేదని ఎవరు అడుగుతారు? బాగా చేశావని నాకు మామిడికాయలు కూడా తెచ్చిచ్చారు. ఒక్కసారి ఐసు మీద పెట్టి చూసి ఉంటే తెలిసేది. చూడలేదు.

ఆపరేషన్ తర్వాత నా చేతికొచ్చిన మొదటి పెద్ద పని అది. అప్పటిదాకా జనం గుమ్మం దాకా వచ్చి, నేను రాసి చూపించే పలక చూసి, "మళ్లీ వస్తాం" అని వెళ్లేవాళ్లు. మాట పోయినోడికి పని కూడా పోయిందనుకుంటారు. ఆ మీటర్ల తర్వాతే మళ్లీ రావడం మొదలుపెట్టారు. నీ పార్సిల్ విప్పినప్పుడు నాకు యాకోబు ఎవరో తెలియదు, శోభారాణి ఎవరో తెలియదు. నా షాపు ఒక్కటే తెలుసు. అందుకే డబ్బాలో చెమ్మ అని రాశా. అది అబద్ధమని రాసేటప్పుడే తెలుసు.

ఇందులో ఒక కవరు అతికించి పెట్టా. ఆఫీసర్ ముందే విప్పు. ముందుగా చదివితే మామ కదా అని ఒక లైను కొట్టేస్తావు, నాకు తెలుసు.

నేను రాను. వస్తే వాళ్లు అడుగుతారు, నేను పలక మీద రాస్తా, చదివి జాలిపడతారు. తప్పు చేసినోడిని తిట్టాలి గానీ జాలిపడకూడదు.

మామ

సూర్యాపేట బస్టాండు,
డిసెంబర్ 19

మామా,

మిర్యాలగూడ బస్సుకు ఇంకా టైముంది. ఇక్కడే బెంచీ మీద రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే క్షమించు.

ఆఫీసు గదిలో ఆఫీసర్, ఇద్దరు క్లర్కులు, శోభారాణి అక్క, ఫిర్యాదు చేసినవాళ్లుగా యాకోబు, సువార్తమ్మ. ఆఫీసర్ మొదట నన్ను చూసి "ఈమె ఎవరు?" అన్నాడు. పేర్లు కొట్టే పిల్లనని చెప్పాను. తర్వాత బయట చెరుకురసం బండి దగ్గర అడిగి తెచ్చిన ఐసును గిన్నెలో వేసి బల్ల మీద పెట్టాను. తడుస్తాయని క్లర్కు ఫైళ్లను పక్కకు లాగేసుకున్నాడు. వెచ్చటి గింజలు పోసి మొదట అందరికీ లెక్క చూపించాను, పదహారున్నర. మీటర్‌ను కవర్లో చుట్టి ఐసు మీద పెట్టాను. పది నిమిషాలు ఆగాం. ఆ పది నిమిషాలూ ఇది పనిచేయకపోతే ఏమిటని గోడ గడియారమే చూశాను. తీసి అవే గింజలు పోస్తే పద్దెనిమిది పాయింట్ ఏడు.

"అవే గింజలా?" అన్నాడు ఆఫీసర్.

"గవే సార్, మా కండ్ల ముంగటనే కదా" అంది సువార్తమ్మ, నాకంటే ముందు.

అప్పుడు నీ కవరు ఇచ్చాను. ఆయన పైకే చదివాడు. నువ్వు పెట్టిన ముక్క, తప్పు నీదేనన్న మాట, సంతకం. ఇంతవరకూ నాకు తెలుసు. తర్వాత ఆయన ఆగి, "ఇంకా మూడా?" అన్నాడు. మునగాలవి రెండు, మఠంపల్లి వైపుది ఒకటి. ఏప్రిల్‌లో అదే ఫ్రిజ్ బోర్డు ముక్కలు పెట్టిన మూడు మీటర్లు, వాటి నంబర్లతో సహా రాశావు. నాకు ఒక్కటే తెలుసు మామా. నిన్నెవరూ అడగని మూడు. నేను ముందు చదివి ఉంటే కొట్టేసేదాన్ని. నువ్వన్నది నిజమే.

"ఈ చంద్రు ఎవరు?" అన్నాడు. మా మేనమామ అని చెప్పాను. గదిలో అందరూ నన్నే చూశారు. శోభారాణి అక్క మాత్రం కిటికీ వైపు చూసింది.

ఆమెను తీసేయడం లేదు. ఆపిన వడ్ల విషయంలో ఆమె తప్పు లేదని రాశారు. లారీ విషయంలో మాత్రం చీటీ చూసి పాస్ చేసినందుకు హెచ్చరిక ఇచ్చారు. "మాకు డ్రై అంటే ఎండినట్టే సార్. గా మాటకు ఇంకో అర్థం ఉంటదని నాకేం ఎరుక?" అంది. ఆఫీసర్‌కు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. ఇకపై మీటర్లు బయటి మెకానిక్‌లకు ఇవ్వొద్దని అన్ని కేంద్రాలకు ఆర్డర్ వేస్తారట. కంపెనీ వాళ్లు వచ్చేదాకా మాత్రం ఈ నాలుగింటినీ, ముక్క పెట్టినవాడే శనివారం మా కేంద్రంలో తన ఎదుట సరిచేయాలన్నాడు. నీకు చెప్పాల్సిన చెడు కబురు ఇది, మంచి కబురు కూడా ఇదేనేమో. నాకు తెలియడం లేదు.

అసలు సంగతి ఆ తర్వాత జరిగింది. వరండాలో సువార్తమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

"నీకెప్పుడు తెల్సింది బిడ్డా?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే అనొచ్చు. "పోయిన గురువారం కాదు, అంతకు ముందు గురువారం" అన్నాను.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టింది. గురువారం, శుక్రవారం, శనివారం. మూడో వేలు దగ్గర ఆగింది. "మేం అమ్ముకున్నది శనివారం" అంది.

యాకోబు "ఇగ పోదాం పా" అని పైకండువా దులిపాడు. ఆమె కదల్లేదు. నేను క్షమించమని అడుగుదామనుకున్నాను. మా మామ అని ఆగానని చెబుదామనుకున్నాను. అది ఆమెకేం పనికొస్తుంది? రెండు రోజుల్లో నేను ఒక్క మాట చెప్పి ఉంటే వాళ్ల సంచులు వ్యాపారి లారీ ఎక్కేవి కావు. నువ్వు షాపు కోసం దాచావు. నేను నీ కోసం దాచాను. వాళ్ల వైపు నుంచి చూస్తే రెండింటికీ తేడా ఏముంది?

ఆమే అంది. "మావి పోయినయ్. మా వాడల ఇంకా పదిమందివి ఉన్నయ్. రేపటి సంది పొద్దుగాల మీటర్ పెట్టేటప్పుడు నేనొస్త. నా చేతుల పెట్టుండ్రి. నేనే సూస్త."

శోభారాణి అక్క వింటోంది. "సూడు, నీకే ఇస్త" అంది.

సువార్తమ్మ రెండు అడుగులు వేసి వెనక్కి తిరిగింది. "గా మామను రమ్మను. పార్సిల్ల ముక్క పంపుడు కాదు, మనిషి రావాలె."

ఆయనకు మాట రాదని చెప్పాను. ఆపరేషన్ అయిందని చెప్పాను. నువ్వు జాలి వద్దన్నావు కదా, అందుకని ఇంకేమీ చెప్పలేదు. తిట్టడానికా అని అడిగాను.

"తిట్టేది తిడ్తం. ముందుగాల మిషన్ మంచిగ జెయ్యని" అంది.

శనివారం పొద్దున మొదటి బస్సుకు రా మామా. నేరేడుచర్లలో నేను ఎదురుచూస్తుంటాను.

వందన